శ్మశానము మొదట, సౌధము తరువాత: కరీబియన్ దీవుల చారిత్రక స్థలములను చూచు విధము



ఎవరి పుణ్యస్మృతికై ఈ ఉపన్యాసపు ధర్మనిధి వెలసినదో ఆ ఆచార్యవర్యులు శాసనములను, శిథిలాలయములను, కుండపెంకులను పరిశీలించుటయందే తమ ఆయుర్దాయమును వెచ్చించినవారు. ఏ కోటకు పోయినను, ఏలినవాడెవ్వడని అడుగుటకు ముందు రాయి మోసినవాడెవ్వడని అడుగుట వారి స్వభావము. నేడు నేను విన్నవింపబోవు విషయము వారి పరిశోధనాక్షేత్రమునకు మిక్కిలి దూరమున నున్నది. కాని ప్రశ్న మాత్రము వారిదే. కరీబియన్ సముద్రమున వరుసదీరియున్న దీవులలోని ప్రదర్శనశాలలను, కోటలను, చెరకుతోటల శిథిలములను చూడబోవునప్పుడు దేనిని ముందు చూడవలెను, దేనిని తరువాత చూడవలెను అనునదియే నా ప్రసంగమునకు వస్తువు. ఇది యాత్రికుల సౌకర్యమునకు సంబంధించిన చిన్న విషయముగా తోచవచ్చును. చూచెడి వరుసను బట్టి మనకు తెలియు చరిత్రయే మారిపోవునని నా దృఢవిశ్వాసము.

ఆ దీవులలో నేటికిని నిలిచియున్న పురాతన నిర్మాణములలో అధికభాగము రెండు తెగలకు చెందినవి: ఐరోపా రాజ్యములు తమ సంపదను ఒండొరులనుండి కాపాడుకొనుటకు కట్టుకొన్న కోటలు, ఆ సంపదను పుట్టించిన చెరకుతోటల యజమానులు కట్టుకొన్న సౌధములు. రెండును రాతివి, ఇటుకవి. సౌధమునకు కూతవేటు దూరమున నివసించి, చెరకు నరికి, గానుగ నడిపి, పాకము కాచిన మనుష్యుల గుడిసెలు కర్రతోను, మట్టితోను, గడ్డితోను కట్టినవి. రెండువందల యేండ్ల తుఫానులకు ఏవి నిలుచునో, ఏవి నిలువవో ఊహించుట కష్టముగాదు. కాగితముల సంగతియు అంతియే. బానిసల పేర్లు, వయస్సులు, వెలలు తోట యజమాని పద్దుపుస్తకములలో పశువుల జాబితా సరసనే వ్రాయబడియుండును. వారు తమను గూర్చి తాము వ్రాసికొన్నది దొరకుట మిక్కిలి అరుదు. కనుక మిగిలినదానిని మాత్రమే నమ్మి చూచువాడు, ఎవ్వరును పనిగట్టుకొని మోసగింపకయే, యజమాని చెప్పిన కథను విని తిరుగు ఓడ యెక్కును. విహారనౌకలు రేవున నిలుచు కొద్ది గంటలలో జనము చూచునది గూడ ఈ వరుసయే: కోట, సౌధము, రమ్ము కాచు బట్టీ. ఈ వరుసను తలక్రిందులు చేయవలెనని నా విన్నపము.

కోటలను నేను తృణీకరించుటలేదు. సాన్‌టో డొమింగో నగరము 1496లో కొలంబసు తమ్ముడు బార్తొలొమ్యూ స్థాపించినది. అమెరికాఖండముల యందు ఐరోపావారు స్థిరముగా నివసించుచు వచ్చిన నగరములలో అదియే మొదటిది. 1990లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఆ పాతపట్టణములో కొలంబసు కుమారుని భవనమును, ప్రథమ ప్రధానాలయమును చూచినవారు ఆ రాతిపనికి ముగ్ధులగుట సహజము. అయినను నాకు అచ్చట అన్నిటికంటె ఘనముగా తోచినది సముద్రతీరమున నోటికి చేయి అడ్డముగా పెట్టి కేకవేయుచున్నట్లు నిలిపిన ఒక సన్న్యాసి విగ్రహము. ఆయన అంతోనియో దె మోంతెసీనోస్; 1511 డిసెంబరులో ఒక ఆదివారమునాడు ఆ నగరమందలి అధికారుల సమక్షముననే, ద్వీపవాసులను వెట్టిలో పెట్టి చంపుచున్నారని నిలదీసిన ధర్మోపదేశకుడు. ఆయన ఎవరి పక్షమున మాటలాడెనో ఆ తైనో జాతివారు తరువాతి కొన్ని దశాబ్దులలోనే వెట్టిచాకిరివలనను, మశూచికమువలనను ఒక ప్రజగా నిలువలేని స్థితికి వచ్చిరి. వారి శిల్పసంపద సైతము వారి దీవులలో నిలువలేదు. 1792లో జమైకాలోని కార్పెంటర్స్ పర్వతపు గుహలో దొరకిన అద్భుతమైన దారుశిల్పములు నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియమున నున్నవి. తిరిగి ఇండని జమైకా అడుగుచున్నది. కింగ్‌స్టన్ నగరమున తైనోలను గూర్చి తెలిసికొనగోరు బాలుడు తన దేశపు ఉత్తమశిల్పమును చూచుటకు అట్లాంటిక్ సముద్రమును దాటవలసియున్నది. డొమినికా దీవిలో మాత్రము కలినాగో జాతివారు 1903లో తమకై కేటాయింపబడిన సుమారు 3,700 ఎకరముల నేలమీద నేటికిని జీవించుచున్నారు. అచ్చట పడవ తొలుచుట, బుట్ట అల్లుట గాజుపెట్టెల యందు గాక మనుష్యుల చేతుల యందే చూడవచ్చును.

ఇక నా వాదమునకు మూలాధారమైన స్థలమునకు వత్తును. బార్బడోసు దీవిలో, క్రైస్ట్ చర్చి అను మండలమున, న్యూటన్ అను పూర్వపు చెరకుతోటలో, వాలుగానున్న ఒక చిన్న గడ్డినేల కలదు. మన్ను పలుచనైనందున అచ్చట చెరకు నాటలేదు; నాటుటకు పనికిరాని నేల గనుకనే బానిసలను పాతిపెట్టుటకు విడిచిపెట్టిరి. సమాధిరాళ్లు లేవు, పేర్లు లేవు. అచ్చటచ్చట తక్కువ ఎత్తు దిబ్బలు మాత్రము కనబడును. 1970వ దశకపు తొలినాళ్లలో జెరోమ్ హ్యాండ్లర్, ఫ్రెడరిక్ లాంగె అను విద్వాంసులు ఆ నేలను త్రవ్వి పరిశోధించిరి. సుమారు 1660 మొదలు 1820 వఱకు అచ్చట 570 మంది పాతిపెట్టబడియుందురని వారి అంచనా. ఆ తోటకు సంబంధించిన పద్దులును, ఉత్తరములును లండను విశ్వవిద్యాలయ గ్రంథాలయమున భద్రముగా నున్నవి. ఆ పద్దులలో పేర్లు గలవు. నేలలో ఎముకలు గలవు. ఏ పేరు ఏ ఎముకలదో కలిపి చెప్పగల ఆధారము మాత్రము ఎచ్చటను లేదు.

ఆ ఎముకలు తమంతతాము చెప్పినది స్వల్పముగాదు. దంతములమీది పింగాణీపూతయందలి గీతలు బాల్యమున పాలు మాన్పించిన పిమ్మట వారు పడిన ఆకలిని, రోగములను తెలిపినవి. ఎముకలలో సీసము మిక్కుటముగా కనబడినది. సీసపు అమరికలు గల బట్టీలలో కాచిన రమ్ము త్రాగుటచే అది దేహమున చేరియుండునని పరిశోధకులు నిర్ణయించిరి. శ్రమకు బహుమానముగాను, చలికి, అలసటకు మందుగాను యజమాని పోసిన సారాయే వారికి విషమైనదన్నమాట. కొందరి దంతములు ఆఫ్రికా ఆచారము ననుసరించి ఆకురాయితో అరగదీయబడియుండెను. వారు ఆ దీవిలో పుట్టినవారు గాక, సముద్రము దాటింపబడి వచ్చినవారని అది సాక్ష్యము.

వారిలో ఒక వృద్ధుడు కలడు. అతని సమాధి మిగిలినవానివలె లేదు. చేతికి లోహకంకణములు, వ్రేళ్లకు ఉంగరములు, దాపున ఇనుపకత్తి, ఆఫ్రికా పడమటితీరపు పద్ధతిలో చేసిన మట్టి చుట్టగొట్టము, మెడలో ఒక హారము. జనులు గౌరవించిన వైద్యుడో, సోదెచెప్పువాడో అయియుండునని హ్యాండ్లరు అభిప్రాయము. ఆ హారములో కుక్కకోరలు, చేపవెన్నుపూసలు, ఐరోపా గాజుపూసలు, గవ్వలు, వానితోపాటు కార్నీలియన్ అను ఎఱ్ఱరాతిపూస ఒకటి ఉండెను. ఆ ఎఱ్ఱపూస మన గుజరాతుతీరమున ఖంభాత్ ప్రాంతపు పనివారు చేసినదని విద్వాంసులు భావించుచున్నారు. ఆఫ్రికాలో నాణెముగా చెల్లిన గవ్వలు ముఖ్యముగా మాల్దీవుల సముద్రమునుండి పోయినవి. బార్బడోసులోని పేరులేని సమాధిలో హిందూమహాసముద్రపు వస్తువులు ఏల చేరెను? అవి ఆఫ్రికా తీరమునకు పోయినది వర్తకపు సరకులుగా; ఆ వర్తకములో కొనబడిన సరకు మనిషి.

ఇచ్చట మనము మన గడపలోనికి చూచుకొనవలసియున్నది. ఆ వర్తకమున పూసలకంటె, గవ్వలకంటె మిక్కుటముగా చెల్లినది నూలుగుడ్డ. కోరమండలతీరమున నేసిన నీలివస్త్రములు, గళ్ల రుమాళ్లు, ముతక ధవళవస్త్రములు ఆంగ్ల, డచ్చి, ఫ్రెంచి కుంపణీల ఓడలలో మొదట ఐరోపాకును, అచ్చటినుండి గినీతీరమునకును పోయి, బానిసల మూల్యములో పెద్దభాగమైనవి. అందుచే వానికి గినీవస్త్రములనియే పేరు వచ్చినది. మచిలీపట్టణమునుండి పులికాటువఱకు గల తీరపు నేతపల్లెలలో మగ్గపుగుంటలో కూర్చున్నవానికి తాను నేయు తానులు ఎవరికి మారకముగా చెల్లునో తెలియదు. అతనిని నిందించుట అధర్మము. తెలిసిన మనము మాత్రము తెలియనట్లు ఊరకుండుట తగదు. నేడు గ్వాడెలూప్, మార్టినిక్, సెయింట్ లూసియా, డొమినికా దీవుల స్త్రీలు పండుగనాడు తలకు చుట్టుకొను గళ్లవస్త్రమును మద్రాసు అనియే పిలుతురు. ఆ దీవుల ప్రదర్శనశాలలలో దానిని జాతీయవేషముగా బొమ్మలకు చుట్టి చూపుదురు. అది ఆ వనితల సౌందర్యదృష్టికి గుర్తు, సందేహములేదు. దానిప్రక్కన గినీతీరపు లెక్కలపత్రమొకటి ఉంచినచో ఆ గుడ్డ చరిత్ర సంపూర్ణమగును.

న్యూటన్ శ్మశానమును ముందు చూచి, పిమ్మట బ్రిడ్జిటౌనులోని బార్బడోసు ప్రదర్శనశాలకు పోవలెను. 1933లో స్థాపితమైన ఆ సంస్థ పూర్వపు బ్రిటిష్ సైనిక కారాగారపు భవనములో నున్నది. ఆ శ్మశానమును నేడు సంరక్షించుచున్నదియు ఆ సంస్థయే. 2021 నవంబరు 30వ తేదీన బార్బడోసు గణతంత్రరాజ్యమైన కొలది దినములకే ప్రభుత్వము ఆ నేలమీద ఒక స్మారకమును నిర్మింపనున్నట్లు ప్రకటించినది. రాజ్యాంగపు మార్పు జరిగిన వారములోనే ఈ శ్మశానము గుర్తుకు వచ్చుట నాకు శుభసూచకముగా తోచినది. ఆ తరువాతనే యజమానుల సౌధములకు పోవుడు. నగిషీ మేజాబల్లలు, చైనా పింగాణీపళ్లెములు అప్పుడును అందముగానే యుండును. వాని వెల ఎవరు చెల్లించిరో మాత్రము ఇక మఱవలేము.

యంత్రమును చూడగోరువారు ఆంటిగ్వాలోని బెట్టీస్ హోప్ తోటకు పోవలెను. పదునేడవ శతాబ్దిమధ్యమున వెలసి, కాడ్రింగ్టన్ వంశమువారి చేతికి వచ్చిన ఆ తోటలో రెండు గాలిమరలుండెను; ఒకదానిని తెరచాపలతోసహా పునరుద్ధరించిరి. నరికిన చెరకు రసము త్వరగా పులియును గనుక కోతకాలమున రాత్రింబవళ్లు మర ఆగరాదు. నిద్రమత్తులో చేయి రోలరుల నడుమ చిక్కినచో దేహమంతయు లాగికొనకముందే నరుకుటకు మరల దగ్గర ఒక గొడ్డలి సిద్ధముగా నుంచెడివారని నాటివారే వ్రాసియున్నారు. పంచదారకు పుట్టిల్లైన దేశమునుండి వచ్చిన మనకు ఆ మర ముందు నిలిచినపుడు నోట మాట రాదు.

డచ్చివారి దీవులలో బొనేరు ఒక్కటి చూచినను చాలును. దక్షిణతీరమున ఉప్పుమడులప్రక్కన 1850లో కట్టిన తెల్లని చిన్నగూళ్లు వరుసగా నిలిచియున్నవి. బానిసలు వారమంతయు అచ్చటనే పండుకొని ఉప్పు కోయుచు, విశ్రాంతిదినమునకు రింకోన్ గ్రామములోని తమ కుటుంబములకడకు గంటలకొలది కాలినడకను పోయివచ్చెడివారు. ద్వారములు మనిషి నడుమెత్తు. లోనికి పోగోరిన యాత్రికుడు ఎంతటివాడైనను వంగి ప్రాకవలసినదే. ఫలకము చదువనవసరము లేకుండ దేహమే నేర్చుకొను పాఠమది. నేను చెప్పిన సూత్రమునకు ఇది అపవాదమనవచ్చును: ఇచ్చట రాతిగుడిసెలే మిగిలినవి. నిజమే, అవి రాతితో కట్టబడినది అందు నివసించువారి సుఖమునకు గాదు, మొండి ఉప్పుగాలికి మరియొకటి నిలువదు గనుక. డచ్చి ప్రభుత్వము బానిసత్వమును రద్దుచేసినది 1863లో. అనగా ఈ గూళ్లు ఆ వ్యవస్థయొక్క తుదిదశకు చెందినవి. పొరుగుననున్న క్యురసావ్‌లో 1795 ఆగస్టులో తూలా నాయకత్వమున బానిసలు పనిమాని తిరుగబడిన కెనేపా తోట యజమాని గృహమే నేడు అతని పేర ప్రదర్శనశాలయైనది. ఇంతటి న్యాయమైన గృహప్రవేశము అరుదు.

అసలైన అపవాదము హైటీ. బానిసలుగా నుండినవారు తిరుగబడి, నెపోలియను సేనలను ఓడించి, 1804 జనవరి 1వ తేదీన స్వతంత్రులైరి. ఆ మనుష్యులే కట్టిన మహాదుర్గము సితదెల్ లాఫెరియేర్. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున, కొండకొమ్మున, నలుబది మీటర్ల ఎత్తు గోడలతో నిలిచిన ఆ కోట నిర్మాణము 1805 ప్రాంతమున మొదలై 1820 వఱకు సాగినది. కట్టించినవాడు ఆన్రీ క్రిస్టోఫ్. బానిసగా పుట్టి, సేనానియై, 1811లో ఉత్తర హైటీకి రాజైనవాడు. ఫ్రెంచివారు మరల దండెత్తి వచ్చి తమ మెడలకు గొలుసులు వేయుదురను భయమే ఆ కోటకు పునాది. అచ్చటి ఫిరంగులమీద ఐరోపా రాజుల చిహ్నములు కనబడును; గుండ్లు నేటికిని కుప్పలుగా పేర్చియున్నవి. శత్రువుమీద ఒక్క గుండైనను ప్రేల్పవలసిన అవసరము ఎన్నడును కలుగలేదు.

ఈ కోటను గూర్చి ఎంత చెప్పినను తనివితీరదు; కాని చెప్పవలసినదంతయు స్తోత్రము గాదు. సుమారు ఇరువది వేలమంది దానికై పనిచేసిరని చెప్పుదురు. వారిలో పెక్కురు బలవంతముగా తేబడినవారు. తోటల పనియు సైనికశాసనముక్రిందనే నడచినది. స్వేచ్ఛకై ప్రాణములొడ్డిన ప్రజ ఆ స్వేచ్ఛను కాపాడుకొనుటకై మరల మోతబరువున వంగినది. క్రిస్టోఫును రాక్షసుడని చిత్రించినవారు కలరు. తమ విధేయతను చూపుటకై గోడమీదినుండి సైనికులను నడిచిపడుడని ఆజ్ఞాపించెనను కథ నేటికిని యాత్రికులకు వినిపింతురు. అందుకు ఆధారము లేదు, దానిని నమ్మరాదని నా మనవి; బానిసలను చంపినవారి సౌధములలో చెప్పని కథను బానిసలు కట్టిన కోటలో మాత్రము చెప్పుటయందు పక్షపాతము కలదు. అట్లని వెట్టిని దాచరాదు. ఈ రెంటిని ఏకకాలమున పట్టుకొనజాలనివాడు ఆ కొండ యెక్కుట వ్యర్థము. కరీబియన్ మహాకవులు ఆ కష్టమునుండి తప్పించుకొనలేదు: డెరెక్ వాల్కట్ తన యౌవనమున రచించిన నాటకమునకు క్రిస్టోఫే నాయకుడు, ఎమె సెజేర్ 1963లో అతనినే విషాదనాయకునిగా నిలిపెను, అంతకుముందే, 1949లో, క్యూబా నవలాకారుడు అలెహో కార్పెంతియర్ ఆ కోటచుట్టును ఒక నవలను అల్లెను.

1820 అక్టోబరులో పక్షవాతపీడితుడై, సేన తిరుగబడగా, క్రిస్టోఫు ఆత్మహత్య చేసికొనెను. అతని దేహమును కోటలోనే దాచిరి. కొండక్రింది మీలో గ్రామములో అతడు కట్టించిన సాన్ సూసీ ప్రాసాదమును 1842 భూకంపము కూల్చినది. ఫ్రాన్సు వచ్చినది, కాని ఫిరంగులకు చిక్కకుండ వచ్చినది: 1825లో యుద్ధనౌకలను రేవున నిలిపి, తోటల యజమానులకు కలిగిన నష్టమునకు పరిహారముగా 15 కోట్ల ఫ్రాంకులు చెల్లింపుమనెను. తరువాత 9 కోట్లకు తగ్గింపబడిన ఆ మొత్తమును, అందుకై తెచ్చిన ఋణములను తీర్చుట ఇరువదవ శతాబ్దిమధ్యము వఱకు సాగినది. ఆ కోటకు, ఈ ఋణమునకు గల సంబంధమును గోడమీది రాళ్లు చెప్పవు. హైటీ దారిద్ర్యమును చూచి నిట్టూర్చు యాత్రికుడు ఆ లెక్కను ముందు చదివి కొండ యెక్కవలెను. గత కొన్ని సంవత్సరములుగా ఆ దేశము కల్లోలమున మునిగియున్నందున అచ్చటికి పోవుటయే కష్టసాధ్యమైనది. లోకమున బానిసలే కట్టుకొన్న అత్యున్నతమైన స్వేచ్ఛాస్మారకము అందరికంటె తక్కువమంది చూడగల స్థలముగా మారుట నాకు నిజముగా బాధ కలిగించు విషయము.

ఫ్రెంచిపాలనలో నేటికినీ ఉన్న దీవులలో స్మరణము మరియొక మార్గము త్రొక్కినది. మార్టినిక్‌లో పెలే పర్వతము 1902 మే 8వ తేదీన బ్రద్దలై సాన్-పియేర్ నగరమును, అందలి ఇరువదియెనిమిది వేలకు మించిన జనమును నిమిషములలో దగ్ధముచేసినది. బ్రదికిన అతికొద్దిమందిలో ఒక ఖైదీ మందపుగోడల చెరసాలగదిలో నుండుటచే ప్రాణము దక్కించుకొనెను. ఆ గది నేటికిని కలదు. ఆ నగరపు ప్రదర్శనశాలలో వంగిపోయిన గంట, కరిగి అంటుకొనిపోయిన గాజుసామాను కలవు. అది ప్రకృతి చేసిన సంహారము గనుక దానిని చూపుట సులభము, నేరస్థుడెవ్వడును లేడు. అదే దీవి దక్షిణతీరమున, దియమాన్ గ్రామముకడ, పదునైదు తెల్లని మానవాకృతులు తలలు వంచి సముద్రమునకు అభిముఖముగా నిలిచియున్నవి. బానిసల వ్యాపారము నిషేధింపబడిన తరువాతగూడ, 1830 ఏప్రిలులో, దొంగచాటుగా బానిసలను తెచ్చుచున్న ఓడయొకటి అచ్చటి రాళ్లను ఢీకొని పగిలినది. లోరాన్ వలేర్ అను శిల్పి 1998లో, ఫ్రెంచి రాజ్యమున బానిసత్వము రద్దై 150 ఏండ్లు నిండిన సందర్భమున, ఆ విగ్రహములను నిలిపెను. అవి 110 డిగ్రీల దిశకు, అనగా గినీ సింధుశాఖవైపునకు, తిరిగియున్నవి. చూపుటకు వస్తువు ఒక్కటియు మిగులనిచోట దిక్కునే సాక్ష్యముగా చేసిన శిల్పి ప్రతిభకు నమస్కరించుచున్నాను.

గ్వాడెలూప్ దీవిలోని పెద్దరేవు ప్వాంతాపీత్ర్‌లో దార్బూసియే అను పూర్వపు చక్కెరకర్మాగారమున్న స్థలమున మెమోరియల్ ఆక్త్ అను విశాలభవనము 2015 మే 10వ తేదీన ప్రారంభమైనది. నల్లని దిమ్మెవంటి కట్టడముపై వెండిరంగు వేళ్లు అల్లుకొనియుండును. దానికైన ఎనిమిది కోట్ల యూరోలకు మించిన వ్యయమును గూర్చి ఆ దీవిలోనే తీవ్రమైన వాదోపవాదములు చెలరేగినవి. ఉద్యోగము లేని యువకులు నిండిన నగరమున అట్టి ప్రశ్న పుట్టుట న్యాయమే. అయినను అందులోని ఒక సుగుణమును నేను మెచ్చకుండలేను: 1848లో విమోచనము జరుగుటతో కథ ముగిసినదని అది చెప్పదు. విమోచనానంతరము తోటలకు కూలీలు కావలసి వచ్చిరి. 1854 డిసెంబరు 24వ తేదీన ఓరెలీ అను నౌక భారతీయులతో గ్వాడెలూప్ చేరెను. తరువాతి మూడున్నర దశాబ్దులలో నలుబదివేలకు మించినవారు ఆ చిన్నదీవికి కొనిపోబడిరి. వారు ఎక్కిన రేవులు ముఖ్యముగా పుదుచ్చేరి, కారైకాల్, మదరాసు, కలకత్తా.

ఇట్లు మనము ట్రినిడాడుకు చేరుచున్నాము. 1845 మే 30వ తేదీన ఫతేల్ రజాక్ అను నౌక సుమారు 225 మంది భారతీయులతో ఆ దీవిని చేరినది. 1917లో ఈ కూలీపంపకము ఆగునాటికి లక్షా నలుబదివేలకు పైబడినవారు అచ్చటికి పోయిరి. పారియా సింధుశాఖలోని నెల్సన్ ద్వీపమున 1866 మొదలు వారిని కొన్నాళ్లు నిలిపి, పరీక్షించి, తోటలకు పంచిపెట్టెడివారు. ఆ చిన్న రాతితిన్నెమీద నాటి కట్టడములు కొన్ని నిలిచియున్నవి. నేడు అచ్చటి నేషనల్ ట్రస్టు సంస్థ యాత్రికులను పడవలలో కొనిపోయి చూపుచున్నది. కొంతకాలమునకు ఆ గదులలోనే కార్మికనాయకుడైన యూరయా బట్లరును బ్రిటిష్‌వారు నిర్బంధించిరి. తీరముమీద, వాటర్‌లూ గ్రామమున, శివదాసు సాధువు గుడి కలదు. చెరకుకూలీగా బ్రతికిన ఆ మనిషి కట్టిన మొదటి గుడి చక్కెర కంపెనీ భూమిలో నున్నదని 1952లో కూల్చి, అతనికి జరిమానాయు, 14 దినముల చెరయు విధించిరి. భూమి ఎవరిదైనను సముద్రము ఎవరిదిగాదని నిశ్చయించి అతడు బాల్చీలలో రాళ్లు, ఇసుక సైకిలుమీద మోసి, ఏండ్లతరబడి సముద్రములోనికి గట్టు పోసి, దానిచివర మరల గుడి నిలిపెను. 1995లో దానిని పునర్నిర్మించిరి. క్రిస్టోఫు కోటకు ఇరువదివేలమంది కావలసివచ్చిరి. ఈ గుడికి ఒక్కడే చాలెను.

అదే గ్రామమున 2006లో భారతీయ కరీబియన్ ప్రదర్శనశాల తెరువబడినది. అందలి వంటసామానులు, పంటపనిముట్లు, వాద్యములు, పాతఫొటోలు ప్రభుత్వపు ధనముతో గాక కుటుంబముల ఇండ్లనుండి వచ్చినవి. నా సూత్రము ప్రకారము కరీబియన్‌లో మొదట చూడవలసిన వాటిలో అదియొకటి. యజమాని వస్తువొక్కటియు లేని ప్రదర్శనశాల అది. కాని అందును ఒక లోపము కలదు, అది నిర్వాహకుల దోషము గాదు. వచ్చినవారిలో అత్యధికులు కలకత్తా రేవునుండి, భోజ్‌పురి మాటలాడు జిల్లాలనుండి వచ్చినవారగుటచే అచ్చటి పాటలు, పండుగలు, పనిముట్ల పేర్లు వారివే. మదరాసు రేవునుండి వచ్చినవారందరు మద్రాసీలను ఒక్కపేరుక్రింద కలిసిపోయిరి. వారిలో తమిళులు ఎక్కువగా నున్నను తెలుగుజిల్లాలవారును కలరు. మారిషసులో తెలుగువారు తమ భాషను, ఆలయములను, సంఘములను నిలుపుకొని ప్రత్యేకసమాజముగా బ్రతికిరి. కరీబియన్‌లో సంఖ్య స్వల్పమగుటచే అట్లు జరుగలేదు. న్యూటన్ శ్మశానమున ఎముకలకు పేర్లు లేకపోగా, ఇచ్చట పేర్లున్నను అవి ఎవరివో తెలియని స్థితి.

ఆ పేర్లు మాత్రము భద్రముగా నున్నవి. భారతీయ ఒప్పందకూలీల పత్రములను ఫిజీ, గయానా, సురినాము, ట్రినిడాడు దేశములు కలిసి నివేదింపగా 2011లో యునెస్కో ప్రపంచస్మృతి పట్టికలో చేర్చినది. ట్రినిడాడు జాతీయ అభిలేఖాగారములోని ఆ పుస్తకములలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పంక్తి: నౌక, పేరు, తండ్రిపేరు, వయస్సు, ఎత్తు, కులము, దేహముమీది మచ్చ, జిల్లా, గ్రామము. వ్రాసినవాడు ఆంగ్ల గుమాస్తా, చెప్పినవాడు చదువురాని తెలుగు కాపో, మాలవాడో, గొల్లవాడో, నడుమ దుబాసీ. విశాఖపట్టణమో, గోదావరియో, నెల్లూరో జిల్లాపేరు గుర్తుపట్టవచ్చును గాని, గ్రామముపేరు చెవికి తోచినట్లు వ్రాయబడుటచే ట్రినిడాడులోని విద్వాంసునకు అది అర్థముగాదు. ఆ తాలూకాలో పుట్టిపెరిగినవాడు ఒక్కసారి పైకి చదివినచో గ్రహింపగలడు. ఇది లండనులోనో, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోనో జరుగవలసిన పని గాదు. పాత తాలూకా పటములు, గ్రామకరణాల పట్టికలు, ఊరిపేర్లు నోటికి వచ్చిన వృద్ధులు ఇచ్చటనే యున్నారు. ఈ ధర్మనిధి నిర్వాహకులు మదరాసు ఓడల పుటల ప్రతులను తెప్పించి, ప్రతి సంవత్సరము ఒక పరిశోధకవిద్యార్థికి ఒక ఓడ చొప్పున అప్పగింపవలెనని నా ప్రార్థన. గుర్తింపబడిన గ్రామముల పట్టికను వాటర్‌లూ ప్రదర్శనశాలకును, ట్రినిడాడు అభిలేఖాగారమునకును పంపినచో, తాతముత్తాతల ఊరు ఎచ్చటనో తెలియక అడుగుచున్న కుటుంబములకు వారు దానిని చూపగలరు. మొదటి ఓడ పుటలు చదువుటకు నేను సిద్ధముగా నున్నాను. నెల్లూరు, కృష్ణా జిల్లాల గ్రామములు తెలిసినవారు ఈ సభలో ఎవరైన నున్నచో, సభానంతరము నాతో మాటలాడవలెనని కోరుచున్నాను.